అన్నానికి టైం దొరుకుతోంది, కూరకే దొరకడం లేదు

మీ ప్రశ్న చదివానండీ. మిగతావాళ్ళకి కూడా అర్థం కావాలి కాబట్టి మీరు రాసింది నాలుగు ముక్కల్లో చెప్తాను. పాలకొల్లు దగ్గర పల్లెలో కాపురం, భీమవరంలో ఉద్యోగం. ఉదయం ఏడుంబావుకి బస్సు, రాత్రి ఏడున్నరకి మళ్ళీ ఇల్లు. వయసు 39. ఇంట్లో అత్తగారు, ఇద్దరు పిల్లలు, రొయ్యల చెరువులు చూసుకునే మీవారు. ఈమధ్య షుగర్ పరీక్ష చేయిస్తే హెచ్‌బీఎ1సీ 6.1 వచ్చింది, ఏడాదిలో బాగా బరువు పెరిగారు. "వంటకి టైం ఉండటం లేదు, టైం పట్టని డైట్ చార్టు ఒకటి ఇవ్వండి. ఓట్స్‌కి మారిపోతే సరిపోతుందా?" అని అడిగారు.

చార్టు ఇవ్వను. నేను ఆసుపత్రిలో డైటీషియన్ని, ఈ గోదావరి జిల్లాల వాళ్ళనే చాలా ఏళ్ళుగా చూస్తున్నాను. చార్టు ఫ్రిజ్ తలుపుకి అంటుకుని ఉంటుంది, వంట ఎప్పటిలాగే సాగిపోతుంది. మీరు చార్టు కంటే పనికొచ్చేది ఒకటి రాశారు. నెలకి 26 కేజీల బియ్యం బస్తాలు రెండు, కందిపప్పు రెండు కేజీలు, కూరగాయలు వారానికి మూడున్నర కేజీలు అన్నారు. షుగర్ రిపోర్టు కంటే నాకు ఆ లెక్కే ఎక్కువ చెప్పింది.

ఐదుగురికి భాగిస్తే మనిషికి రోజుకి బియ్యం దాదాపు 345 గ్రాములు. కూరగాయలు 100 గ్రాములు. కందిపప్పు 13 గ్రాములు. ఇప్పుడు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు చూడండి. రోజుకి 2000 క్యాలరీలు కావలసిన మనిషికి ధాన్యాలన్నీ కలిపి సుమారు 250 గ్రాములు, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు, పప్పులు, గుడ్డు, చేప, మాంసం లాంటివి 85 గ్రాములు ఉండాలంటారు. ధాన్యం వంద గ్రాములు ఎక్కువ, అదీ ఇడ్లీ, పూరీ కలపకుండానే. కూర చూస్తే నాలుగో వంతు. ఆదివారం చికెన్, అప్పుడప్పుడు గుడ్డు ఉన్నాయి కాబట్టి మాంసకృత్తులు మరీ 13 గ్రాముల పప్పు దగ్గరే ఆగలేదు, కానీ అవీ చాలవు.

అంటే మీ ఇంట్లో టైం చాలకపోవడం వల్ల తిండి తగ్గలేదు. కూర ఒక్కటే తగ్గింది. దానికి కారణం చాలా మామూలుది. బియ్యం కడిగి కరెంటు కుక్కర్లో పడేసి స్విచ్ వేస్తే మనిషి పక్కన ఉండక్కర్లేదు. మీరు స్నానం చేసి చీర కట్టుకునేలోగా అన్నం దానంతటదే అయిపోతుంది. కూర అలా కాదు. తోటకూర కాడలు ఏరాలి, గోరుచిక్కుడు ఈనెలు తీయాలి, దొండకాయలు నిలువుగా చీరాలి, చేప అయితే పొలుసు తీసి ఉప్పేసి రుద్ది కడగాలి. పొయ్యి దగ్గర నిలబడాలి. టైం తగ్గేకొద్దీ మనిషి నిలబడి చెయ్యాల్సినవన్నీ ఒక్కొక్కటే జారిపోతాయి, యంత్రం చేసిపెట్టేది మాత్రం మిగులుతుంది. మన డెల్టాలో యంత్రం చేసిపెట్టేది అన్నమే. కాలవల పుణ్యమా అని సార్వా, దాళ్వా రెండు పంటలూ వరే. బియ్యానికి కరువు లేని ప్రాంతంలో కంచం ఎప్పుడూ నిండుగానే కనిపిస్తుంది. ఏమీ తగ్గినట్టు అనిపించదు.

దీని మీద ఇంకో చిక్కు. కూర తగ్గితే అన్నం కూడా తగ్గాలి కదా అనుకుంటాం. తగ్గదు, పెరుగుతుంది. కప్పు బీరకాయ కూరకి కప్పు అన్నం సరిపోతుంది, కూర అయిపోతే ఆగుతాం. ఒక్క ఆవకాయ ముక్కకి ఎంత అన్నమైనా పడుతుంది, ఆ ఉప్పూ కారమూ చప్పబడేదాకా కలుపుతూనే ఉంటాం. తర్వాత చారుకి ఇంకాస్త, పెరుగుకి ఇంకాస్త. మీ రాత్రి భోజనం మీరు రాసింది సరిగ్గా ఇదే: "అన్నం, పచ్చడి, చారు, పెరుగు". నాలుగు మాటలున్నాయి గానీ కడుపులోకి వెళ్ళేది మూడు విడతల అన్నమే.

హెచ్‌బీఎ1సీ గురించి రెండు మాటలు. గత రెండు మూడు నెలల్లో రక్తంలో చక్కెర సగటున ఎలా ఉందో అది చూపిస్తుంది. 5.7 నుంచి 6.4 దాకా షుగర్ ముందు దశ, 6.5 గానీ ఆపైన గానీ ఉంటే షుగర్ వ్యాధి కింద లెక్క. మీరు గట్టు మీద ఉన్నారు. మీరొక్కరే కాదు, 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే అంచనా ప్రకారం దేశంలో 13.6 కోట్ల మంది ఈ ముందు దశలో ఉన్నారు, షుగర్ వచ్చేసినవాళ్ళు 10.1 కోట్లు. ఈ దశలో చాలామందికి తిండి, నడక, బరువు సరిచేసుకుంటే చక్కెర వెనక్కి తగ్గుతుంది. ఒట్టి అన్నం తిన్నప్పుడు చక్కెర గబుక్కున పైకి లేస్తుంది. అదే అన్నం పప్పుతో, పీచున్న కూరతో, చేపతో తింటే కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది, చక్కెర కూడా నెమ్మదిగా ఎక్కుతుంది. అందుకే అన్నం మానేయండి అని నేను అనను. మన జిల్లాలో ఆ మాట అన్న డాక్టర్ దగ్గరికి రెండోసారి ఎవరూ వెళ్ళరు. మీకున్న కాస్త టైమూ అన్నం మీద, టిఫిన్ల మీద పెట్టకుండా కూర మీద పెట్టండి అంటాను.

ముందుగా, ఆ టైం ఎవరిది? మీ ఉత్తరం మొత్తంలో వంట చేసేది మీరొక్కరే. ప్రభుత్వం చేసిన 2024 సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటి పనులు చేసే ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు వాటికే పెడుతున్నారని తేలింది. మగవాళ్ళు, అదీ ఏదో ఒక పని చేసేవాళ్ళే, 88 నిమిషాలు. పాతకాలంలో మంచి తిండి తినేవాళ్ళం అని నిట్టూర్చేవాళ్ళకి నేను చెప్పేదొకటే. ఆ తిండి వెనక ఒక మనిషి పొద్దున్నుంచి రాత్రిదాకా కత్తిపీట ముందూ, పొయ్యి ముందూ ఉండేది. ఆ మనిషి ఇప్పుడు భీమవరం బస్సులో ఉంది. అందుకని ఆకుకూర ఏరడం, చిక్కుడు ఈనెలు తీయడం, వెల్లుల్లి వొలవడం మీ పనుల్లోంచి తీసేయండి. అత్తగారు సాయంత్రం సీరియల్ చూస్తూ చెయ్యగలిగిన పనులే ఇవి. మోకాళ్ళ నొప్పి ఉన్నా కూర్చుని చెయ్యొచ్చు. ఇంటర్ చదివే అబ్బాయికి గుడ్లు ఉడకబెట్టడం, అట్టు వేసుకోవడం రాకపోతే ఈ సెలవుల్లోనే నేర్పండి, రేపు హాస్టల్లో వాడికే పనికొస్తుంది.

ఇక కూరగాయలు. మనం కూరలని రుచిని బట్టి, ధరని బట్టి ఎంచుకుంటాం. మామూలు రోజుల్లో చేతికి ఎంత పని పెడుతుందో దాన్ని బట్టి ఎంచుకోండి. ఆనపకాయ, బీరకాయ, పొట్లకాయ, దోసకాయ, క్యాబేజీ, టమాటా పది నిమిషాల్లో తరగొచ్చు, త్వరగా ఉడుకుతాయి, నూనె కూడా తక్కువ తాగుతాయి. దొండకాయ, గోరుచిక్కుడు, అరటిపువ్వు, కంద బచ్చలి ఆదివారానికి ఉంచుకోండి. మీరు రాసిన వారం కూరల్లో దొండకాయ వేపుడు, బంగాళాదుంప వేపుడు, కాకరకాయ వేపుడు ఉన్నాయి. క్యారేజీలో కారిపోదని వేపుడు చేస్తున్నారని తెలుసు. కానీ కేజీ దొండకాయ వేపితే గిన్నెడు కూడా రాదు, ఐదుగురూ తలా రెండు గరిటెలు వేసుకుంటారు, మిగతా అన్నానికి మళ్ళీ పచ్చడే దిక్కు. అదే ఆనపకాయ పాలు పోసి వండితేనో, సెనగపప్పు వేసి వండితేనో కంచంలో కూర కూరలా కనిపిస్తుంది. మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా కొనుక్కుంటే క్యారేజీ సమస్య తీరిపోతుంది.

రాత్రే తరిగి పెట్టుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. కడిగి, తడి ఆరాక తరిగి, డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే బెండకాయ, క్యాబేజీ, బీన్స్, క్యారెట్ తెల్లారేదాకా బాగానే ఉంటాయి. వంకాయ నల్లబడుతుంది, దాన్ని పొద్దున్నే ఉప్పు నీళ్ళలోకి కోసుకోవాలి. ఆకుకూర ఏరి, కడగకుండా, పొడి గుడ్డలోనో కాగితంలోనో చుట్టి పెడితే రెండు రోజులు ఆగుతుంది. విటమిన్లు పోతాయేమో అని భయపడేవాళ్ళుంటారు. కొద్దిగా పోతాయి. కూర అసలే లేకపోతే పోయేవాటితో పోలిస్తే అదెంత! తరిగిన కూరగాయలు కొనడం బద్ధకస్తుల పని అనే అత్తగార్లకి ఒక మాట: మన సంతల్లో పనసపొట్టు కొట్టి అమ్మేవాళ్ళు ఎప్పటినుంచో ఉన్నారు. పనసకాయ ఇంటికి తెచ్చి, చేతులకి నూనె రాసుకుని, కత్తి పట్టుకుని కొట్టేవాళ్ళు ఎంతమంది ఇప్పుడు?

పప్పు దగ్గర మీకు ఎక్కువ లాభం ఉంది, ఎందుకంటే అన్నంలాగే పప్పుకీ మనిషి కాపలా అక్కర్లేదు. ప్రెషర్ కుక్కర్లో ఒక గిన్నెలో కందిపప్పు, దాని మీద ఏరిన తోటకూరో పాలకూరో, రెండు టమాటాలు, ఇంకో గిన్నెలో గుడ్లు పెట్టేస్తే ఒకే మంట మీద రెండూ అయిపోతాయి. వేసవిలో మామిడికాయ ఉండనే ఉంటుంది. రెండు రోజులకి సరిపడా ఉత్త పప్పు ఒకేసారి ఉడకబెట్టి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టండి. ఒకరోజు దోసకాయ పప్పు, మర్నాడు ములక్కాడలు వేసి పప్పుచారు. పోపు వేసే రెండు నిమిషాలే మీ పని. నెలకి రెండు కేజీల పప్పు నాలుగు నాలుగున్నర కావాలి. ఖర్చు పెరుగుతుంది, నిజమే. బియ్యంలో కొంత తగ్గుతుంది, సాయంత్రం మీరు కొనుక్కునే పునుగుల డబ్బులు మిగులుతాయి.

చేపల పులుసు గురించి చెప్పకపోతే గోదావరి నీళ్ళు తాగినట్టే కాదు. టైం లేనివాళ్ళకి ఇంతకంటే మంచి వంటకం మన దగ్గర లేదు. ఈరోజు వండి రేపు తింటేనే బాగుంటుంది కాబట్టి! చింతపండు పులుపుకి, ఫ్రిజ్‌లో పెడితే, మర్నాడు రాత్రికీ చెడదు. పులసల సంగతి వదిలేయండి, ఆ ధరలు మనకొద్దు. బొచ్చె, శీలావతి మీ చుట్టుపక్కల చెరువుల్లో పెరిగేవే. కొన్నచోటే పొలుసు తీసి ముక్కలు కొట్టించుకుని తెచ్చుకుంటే సగం పని అయిపోయినట్టే. వారంలో రెండు రాత్రులు పులుసు పెడితే మూడు నాలుగు పూటల కూర బెంగ తీరుతుంది. కానీ పులుసు బాగుంది కదా అని ఎక్కువ అన్నం కలపకండి. రెండు ముక్కలు, కాస్త ఉల్లిపాయ గుజ్జు, దానికి తగ్గ అన్నం. ఎండుచేపలు, ఎండురొయ్యలు కూడా త్వరగా అయ్యేవే గానీ ఉప్పు ఎక్కువ, వాటిని ఎప్పుడైనా ఒకసారి వంకాయలోనో గోంగూరలోనో వేసుకోండి.

కర్రీ పాయింట్. దీని గురించి మాట్లాడటానికి డైటీషియన్లు ఎందుకో సిగ్గుపడతారు. అన్నం ఇంట్లో వండుకుని కూర మాత్రం బయట కొనుక్కోవడం ఇప్పుడు భీమవరం, తణుకు, అమలాపురం ఎక్కడైనా మామూలే. నేను చెప్పిన సంగతికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి! వద్దని చెప్పను. ఏం కొనాలో తెలుసుకుని కొనండి. పప్పు, ఆకుకూర పప్పు, సాంబారు, ఆనపకాయ, బీరకాయ, సెనగల కూర తీసుకోండి. వేపుళ్ళు, గుత్తివంకాయ, పనీర్ లాంటివి నూనెలో తేలుతూ ఉంటాయి, పైపైన నూనె తేలే గిన్నె మీద మీ చూపు పడకూడదు. ఇంటి నుంచి స్టీలు క్యారియర్ తీసుకెళ్ళండి, వేడి వేడి పులుసు పల్చటి ప్లాస్టిక్ కవర్లో కట్టించుకోవద్దు. ఇంటికొచ్చాక ఒక చిన్న పని: కొన్న పప్పులో మీరు ఉడికించిన తోటకూర కలపండి, కొన్న సాంబారులో ఇంకో గుప్పెడు ముక్కలు వేసి ఒక్క పొంగు రానివ్వండి. ఉప్పూ కారమూ కూడా కాస్త తగ్గుతాయి.

టిఫిన్ల దగ్గరికి వద్దాం. ఏడుంబావు బస్సు కాబట్టి ఇంట్లో ఏమీ తినడం లేదు, దిగాక సెంటర్లో నాలుగు ఇడ్లీలో పూరీయో తింటున్నారు, ఆదివారం దిబ్బరొట్టి. ఇడ్లీ చెడ్డదని నేననను. కానీ అదీ బియ్యం సంబంధమే, అందులో ఉన్న కొద్దిపాటి మినప్పప్పు సరిపోదు. పెసరట్టు మన దగ్గరే పుట్టి పెరిగినట్టుంటుంది, మనమే దాన్ని అతిథులు వచ్చినప్పటికి దాచేసుకున్నాం. ఇడ్లీ పిండిలా పులియక్కర్లేదు. పెసలు నానబెట్టి రాత్రే అల్లం, పచ్చిమిర్చితో రుబ్బి ఫ్రిజ్‌లో పెడితే పొద్దున్న వేసుకోవడమే. ఐదుగురికీ మీరు నిలబడి వెయ్యాలంటే అరగంట పడుతుంది, అది కుదరదు. మీకు రెండు వేసుకుని డబ్బాలో పెట్టుకోండి, మిగతావాళ్ళు లేచినప్పుడు వాళ్ళే వేసుకుంటారు. సెంటర్లోనే తినాల్సి వస్తే పెసరట్టు చెప్పి ఉప్మా వద్దనండి. ఇడ్లీ అయితే రెండు, దానితోపాటు ఇంటి నుంచి తెచ్చుకున్న రెండు ఉడికించిన గుడ్లు. ఒక్కో గుడ్డులో ఆరు గ్రాముల మాంసకృత్తులుంటాయి, మధ్యాహ్నం దాకా ఆకలి ఆగుతుంది. పూరీ, మైసూర్ బజ్జీ పండగలకి.

ఓట్స్, మిల్లెట్స్ గురించి అడిగారు. మార్చితే పాపమేమీ లేదు, కానీ మీ సమస్య అక్కడ లేదు. పొడిలా నలగ్గొట్టిన ఇన్‌స్టంట్ ఓట్స్, పల్చటి రాగి జావ కూడా చక్కెరని త్వరగానే పెంచుతాయి. పైగా వాటికోసం వేరే వంట, వేరే గిన్నె, పిల్లల వేరే పేచీ. ఇంకో సంగతి, బియ్యం రకాలన్నీ చక్కెర విషయంలో ఒకటి కావు. మారుటేరు వరి పరిశోధన కేంద్రం నుంచి 1982లో వచ్చిన మన స్వర్ణ, అదే ఎంటీయూ 7029, చక్కెరని తక్కువగా పెంచే రకాల్లో ఒకటని 2012లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వాళ్ళు చేసిన పరీక్షల్లో వచ్చింది. మనం పండించి బయటికి పంపి, మనం మాత్రం పాలిష్ పట్టిన సన్నబియ్యం కొనుక్కుంటున్న ఇళ్ళు చాలా ఉన్నాయి. స్వర్ణ దొరికితే తినండి. కాకపోతే స్వర్ణ కదా అని గిన్నెడు ఎక్కువ తింటే ఆ లాభం అక్కడే పోతుంది.

పచ్చళ్ళు, పొడులు. వేసవిలో తీరికగా ఉన్నప్పుడు ఏడాదికి సరిపడా పెట్టుకోవడం మన వాళ్ళు ముందుచూపుతో చేసిన పని, అందులో ఒక తెలివి ఉంది. కానీ ఆ జాడీల్లో అన్నీ ఒకటి కావు. ఆవకాయ, మాగాయలో ఉన్నది ఉప్పు, నూనె, కారం. రోజు మొత్తానికి ఐదు గ్రాములు, అంటే ఒక చెంచా ఉప్పు దాటకూడదు, రెండు పూటలా పచ్చడితోనే తింటే అది ఎక్కడికో పోతుంది. కందిపొడి, కరివేపాకు పొడి, నువ్వుల పొడి వేరు. కందిపొడిలో పప్పే ఉంది కదా. నెలకోసారి వేయించి కొట్టి పెట్టుకుంటే, ఏమీ వండలేని రాత్రి కందిపొడి, నెయ్యి చుక్క, పక్కన గుడ్డు, కప్పు పెరుగు, ముక్కలు చేసిన కీర దోసకాయ. అది కూడా మంచి భోజనమే. ఆవకాయ ఆదివారం పప్పులోకి నంజుకోండి చాలు.

సాయంత్రం ఐదు నుంచి ఏడున్నర దాకా మీరు రాసింది చదివి నవ్వొచ్చింది, మా ఆసుపత్రిలో అందరూ అదే చేస్తారు. ఆఫీసులో టీ, బస్టాండులో టీ, ఒక పొట్లం పునుగులు. రోజుకి నాలుగు టీలు, ఒక్కోదానికి రెండు చెంచాల పంచదార అంటే ఎనిమిది చెంచాలు. అది టిఫిన్ కాదు, భోజనం కాదు, ఎక్కడా లెక్కలోకి రాదు. ముందు ఒక చెంచాకి దిగండి, రెండు వారాల తర్వాత నాలుక అలవాటు పడుతుంది. పునుగుల స్థానంలో బస్సులో తినగలిగేవి మనకి కొదవలేదు: ఉడకబెట్టిన వేరుశనగకాయలు, సెనగ గుగ్గిళ్ళు, జామకాయ, చలికాలంలో తేగలు. ఈ ఒక్క మార్పుకి ఇంకో లాభం ఉంది. కడుపులో ఏదో ఉంటుంది కాబట్టి ఇల్లు చేరగానే ఆకలికి ఓర్వలేక అన్నం పచ్చడి కలుపుకోకుండా, ఇరవై నిమిషాలు కూర చెయ్యడానికి ఓపిక మిగులుతుంది.

రాత్రి తొమ్మిదిన్నరకి తిని పదింటికి పడుకుంటున్నారు. రాత్రి ఆలస్యమయ్యేకొద్దీ అదే అన్నానికి శరీరం పగటికంటే ఎక్కువ చక్కెర చూపిస్తుంది. ఎనిమిదిన్నరకి తినెయ్యండి. మీవారి కోసం ఆగడం వద్దు. తిన్నాక పదిహేను నిమిషాలు కాలవ గట్టు మీదో, వీధిలోనో నడవండి. పొద్దున్న లేచి గంట వాకింగ్ మీకు సాధ్యం కాదు, అవసరం కూడా లేదు. తిన్న వెంటనే నడిచే ఆ కాసేపు, ఆ భోజనం వల్ల పెరిగే చక్కెరనే తగ్గిస్తుంది. కంచంలో ముందు కూర, పప్పు నాలుగు ముద్దలు ఉత్తవే తినండి, ఆ తర్వాత అన్నం కలుపుకోండి. దీనికి ఏ టైమూ అక్కర్లేదు, చక్కెర తగ్గుతుందని పరిశోధనల్లో తేలిన పద్ధతే.

మీవారికి గ్యాస్, పొట్ట అన్నారు. చెరువుల మీద బతికేవాళ్ళ టైం వేరు. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుందని రాత్రంతా నీళ్ళలోకి గాలి కలిపే ఏరేటర్ల చప్పుడు వింటూ మెలకువగా ఉంటారు, కరెంటు పోతే జనరేటర్ దగ్గరికి పరిగెత్తాలి, మేత వెయ్యాలి, మేత తిన్నాయో లేదో తెలిపే చెక్ ట్రేలు చూసుకోవాలి. రొయ్యకి వేళకి నాలుగు మేతలు, మనిషికి రాత్రి పదకొండుకి అన్నం! నిద్ర తగ్గితే ఆకలి పెంచే హార్మోన్లు పెరుగుతాయి, ఇన్సులిన్ పని మందగిస్తుంది. ఆయన తిండి మార్చడం కంటే వేళ మార్చడం తేలిక. క్యారేజీ ఎనిమిదింటికే గట్టు మీదకి వెళ్ళిపోవాలి. అర్ధరాత్రి ఆకలికి బిస్కట్లు, కూల్‌డ్రింకు మానేసి రెండు గుడ్లు, మజ్జిగ, గుప్పెడు పల్లీలు ఉంచుకోమనండి. ఆయన కూడా ఒకసారి పరీక్ష చేయించుకోవాలి, ఆ పొట్ట చూస్తే మీకంటే ఆయన గురించే నాకు టెన్షన్‌గా ఉంది.

బియ్యం మీద ఒక్కసారే కత్తి పెట్టకండి. కుక్కర్లో వేసే గ్లాసుల్లో ఒక పావు తగ్గించి, కూర గిన్నె సైజు పెంచండి. పిల్లలకి తగ్గించక్కర్లేదు, వాళ్ళు ఎదిగేవాళ్ళు, వాళ్ళకి గుడ్డు, పప్పు, పెరుగు పెంచితే చాలు. మూడు నెలల తర్వాత హెచ్‌బీఎ1సీ మళ్ళీ చేయించండి, అంతకంటే ముందు చేయిస్తే పూర్తి తేడా తెలియదు. ఈలోగా విపరీతమైన దాహం, రాత్రిళ్ళు మాటిమాటికీ మూత్రం, కారణం లేకుండా బరువు తగ్గడం కనిపిస్తే ఆగకుండా డాక్టర్ని కలవండి. ఏడాదిలో అంత బరువు పెరిగారంటే థైరాయిడ్ పరీక్ష కూడా ఒకటి చేయించడం మంచిది. కాన్పుల సమయంలో మీకు షుగర్ వచ్చిందా లేదా మీరు రాయలేదు. వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పండి.

చివరగా మీ అత్తగారి సంగతి. ఆవిడ షుగర్ మాత్రలు వేసుకుంటారని ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. ఇంటిల్లిపాదికీ అన్నం తగ్గితే ఆవిడకీ తగ్గుతుంది. కొన్ని రకాల షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళు హఠాత్తుగా అన్నం తగ్గిస్తే చక్కెర మరీ కిందకి పడిపోయి చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం రావచ్చు. కాబట్టి వంట మార్చే ముందు ఆవిడ మందుల చీటీ పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళి, డోసు మార్చాలా అని అడగండి. ఆ రోజు వచ్చేదాకా ఆవిడ కంచంలో అన్నం ఎప్పటిలాగే పెట్టండి, కూర మాత్రం ఈ రాత్రి నుంచే ఎక్కువ వడ్డించొచ్చు.